నాయకత్వం: రణరంగంలో, రాజకీయాల్లో

పదిమందిని ఒక పనికి కూడగట్టి, కష్టమొచ్చినా వాళ్ళు ఆ పని వదిలిపోకుండా నడిపించే శక్తిని నాయకత్వం అంటారు. ఊరి చెరువు బాగుచేసుకోవడానికైనా నాయకుడు కావాలి. అయినా పూర్వకాలం నుంచీ శాస్త్రకారులు, చరిత్రకారులు దీన్ని యుద్ధంలోనూ రాజ్యపాలనలోనూ పెట్టి పరీక్షించారు. ఈ రెండు చోట్లా నాయకుడు పొరబడితే మూల్యం చెల్లించేది వేలమంది, లక్షలమంది.

రెండింటికీ తేడా ఉంది. సేనాని ఆజ్ఞ ఇస్తే చాలు, సైనికుడు కదులుతాడు. రాజకీయ నాయకుడు ఒప్పించాలి, బతిమాలాలి, కొందరితో సర్దుకుపోవాలి. సేనాని నిర్ణయం సాయంత్రానికల్లా తేలిపోతుంది. రాజకీయ నిర్ణయం మంచిదో చెడ్డదో తేలడానికి ఒక తరం పట్టవచ్చు. అందుకే ఒక రంగంలో ఆరితేరినవారు రెండోదానిలో చతికిలపడిన ఉదాహరణలు చరిత్రలో కొల్లలు.

ధైర్యం, మాటకారితనం, చురుకుదనం చాలామంది నాయకుల్లో కనిపిస్తాయి. చేదు నిజాన్ని చెవినబెట్టే ఓర్పు, గెలిచిన తర్వాత ఆగే నిగ్రహం కొద్దిమందిలోనే ఉంటాయి. గొప్పవారిని తక్కినవారి నుంచి వేరుచేసే గుణాలు ఈ రెండేనని చెప్పడానికి చరిత్రలో కావలసినంత సాక్ష్యం ఉంది.

శాస్త్రకారులు చెప్పింది

కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది: స్వామి, అమాత్యులు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రులు. రాజు వీటిలో మొదటివాడే గాని ఒంటరివాడు కాడు. రాజుకుండే శక్తులు మూడు. ఆలోచన వల్ల వచ్చేది మంత్రశక్తి, ధనసైన్యాల వల్ల వచ్చేది ప్రభుశక్తి, స్వంత పరాక్రమం వల్ల వచ్చేది ఉత్సాహశక్తి. ఈ మూడింటిలో కౌటిల్యుడు మంత్రశక్తికే పెద్దపీట వేశాడు. పరాక్రమం ఒక్కటే ఉన్న రాజును తెలివైనవాడు లొంగదీయగలడని ఆయన నమ్మకం.

చైనా యుద్ధశాస్త్రకారుడు సున్ జు సేనానికి ఐదు గుణాలు ఉండాలన్నాడు: వివేకం, నమ్మదగినతనం, దయ, ధైర్యం, క్రమశిక్షణ. ధైర్యం అందులో నాలుగోది. మహాభారతంలో శాంతిపర్వం మొత్తం గెలిచినవాడికి చేసిన బోధ. అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకు రాజధర్మం చెప్పడం యుద్ధం ముగిశాకే మొదలవుతుంది. గెలుపుతో నాయకుడి పని పూర్తికాదన్న సంగతిని కథ నడకలోనే ఇంత బలంగా చెప్పిన గ్రంథం మరొకటి కనబడదు.

యూరప్‌లో మాకియవెల్లి 1513లో రాసిన ‘ప్రిన్స్’ అధికారం నిలబెట్టుకునే ఉపాయాలు చెప్పింది. ప్రష్యా సైనికాధికారి క్లాజ్‌విట్జ్ గ్రంథం ఆయన మరణానంతరం 1832లో వెలువడింది. యుద్ధం రాజకీయానికి సాధనం మాత్రమేనని, లక్ష్యం నిర్ణయించవలసింది రాజకీయమేనని అందులో వాదించాడు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో చేసిన ప్రసంగంలో రాజకీయ నాయకుడికి మూడు గుణాలు కావాలన్నాడు: తపన, బాధ్యత, ఏది ఎంతో చూడగలిగే తూకం. మూడోది లేకపోతే మొదటి రెండూ హాని చేస్తాయి.

రాయచూరు, 1520

సాహితీ సమరాంగణ సార్వభౌముడని తెలుగువారు పిలుచుకునే శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) జీవితంలో ఈ విషయానికి సంబంధించిన మంచీ చెడూ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.

బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా, రాయలు ముట్టడించిన రాయచూరు కోటను కాపాడుకోవడానికి కృష్ణానది దాటి వచ్చాడు. ఆ యుద్ధాన్ని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ వివరంగా రాసిపెట్టాడు. విజయనగర ముందువరుస ఎదురెళ్ళగానే ఆదిల్‌షాహీ ఫిరంగులన్నీ ఒక్కసారి పేలాయి. ముందువరుస చెల్లాచెదురై వెన్నుచూపింది. శత్రువులు తరుముకొచ్చారు. అప్పుడు రాయలు తన వేలి ఉంగరం తీసి సేవకుడి చేతిలో పెట్టి, తాను పోతే ఆనవాలుగా రాణులకు చూపమన్నాడట. తరువాత గుర్రమెక్కి, మిగిలిన దళాలన్నిటినీ తీసుకుని ముందుకు దూకాడు. పారిపోయి వస్తున్న వాళ్ళను అడ్డగించమనీ, వెనక్కి తిరిగినవాణ్ణి వదలవద్దనీ ఆజ్ఞ ఇచ్చాడు. తరుముకొస్తూ వరుసలు చెదిరిన శత్రుసైన్యం ఈ దెబ్బకు నిలవలేకపోయింది. నది ఒడ్డుదాకా వెనక్కి నెట్టబడి ఎందరో కృష్ణలో మునిగిపోయారు.

ఇక్కడ రాయలు చేసింది తెగువ ఒక్కటే కాదు. ముందువరుస పోయినా ఆయన దగ్గర వెనక దళాలు కదలకుండా మిగిలి ఉన్నాయి. వాటిని ఏ క్షణంలో దింపాలో ఆయన కనిపెట్టాడు. రాజు ప్రాణానికి తెగించాడని కళ్ళారా చూసినవాళ్ళు నిలబడి పోరాడారు. ఆ తర్వాత రాయచూరు కోట ముట్టడిలో క్రిస్తోవావ్ ద ఫిగ్యురేదో అనే పోర్చుగీసువాడు తుపాకీలవాళ్ళతో వచ్చి గోడమీది కాపలాదారులను కొట్టడంతో పని సులువైంది. కొత్త ఆయుధాన్ని, పరదేశి సాయాన్ని వాడుకోవడానికి రాయలు వెనుకాడలేదు.

దీనికి కొన్నేళ్ళ ముందు ఆయన తూర్పున గజపతులతో తలపడ్డాడు. ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో ఆయన వశమయ్యాయి. సింహాచలం దాకా వెళ్ళి శాసనాలు వేయించాడు. చివరికి ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూభాగాన్ని తిరిగి ఇచ్చేశాడు, గజపతి కుమార్తెను పెళ్ళాడాడు. గెలిచిన నేలను వదులుకోవడం పామరుడికి పిచ్చితనంగా తోస్తుంది. కాని ఆ వదులుకోవడం వల్లనే తూర్పు దిక్కున నిశ్చింత దొరికి, పడమరన రాయచూరు మీద బలగమంతా పెట్టడానికి వీలైంది. ఆయన రాజనీతి శిఖరానికి చేరింది ఇక్కడేనని నా అభిప్రాయం.

రాయచూరు తర్వాత ఆ నిగ్రహం సడలింది. నూనిజ్ ప్రకారం ఆదిల్‌షా స్వయంగా వచ్చి తన పాదం ముద్దుపెట్టుకుంటే గాని సంధి లేదని రాయలు పట్టుబట్టాడు. సుల్తాను రాలేదు. రాయలు బీజాపూరు దాకా దండెత్తాడు. ఓడినవాణ్ణి స్నేహితుడిగా మార్చుకునే అవకాశం పోయి, పగ మిగిలింది. దక్కను సుల్తానులు తమలో తాము కొట్టుకోవడం ఆపి విజయనగరం మీద ఏకం కావడానికి ఇలాంటి అవమానాలు కొంత కారణమని చరిత్రకారులు రాశారు. అదే మనిషి, అదే పరాక్రమం. ఒకసారి గెలుపును సంధిగా మలిచాడు, ఇంకోసారి అహంకారానికి వదిలాడు.

సైనికుడి కంచం

క్రీ.పూ. 325లో అలెగ్జాండర్ సైన్యం గెద్రోసియా ఎడారిలో నీళ్ళు లేక అల్లాడుతుండగా, ఎవరో ఒక శిరస్త్రాణంలో కాసిని నీళ్ళు తెచ్చిస్తే అందరూ చూస్తుండగా నేల మీద పారబోశాడని ఏరియన్ రాశాడు. కథ బాగుంది. కాని ఆ ఎడారిలోకి సైన్యాన్ని తీసుకెళ్ళింది ఆయనే. కష్టం పంచుకోవడం గొప్పదే, అనవసరపు కష్టం రాకుండా చూడటం అంతకన్నా గొప్పది.

ఈ రెండోదానికి రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సేనాని విలియమ్ స్లిమ్ మంచి ఉదాహరణ. బర్మింగ్‌హామ్‌లో సామాన్య కుటుంబంలో పెరిగిన స్లిమ్ సైన్యంలో చేరకముందు బడిపంతులుగా, గుమాస్తాగా పనిచేశాడు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయిన రోజుల్లో ఆయన బర్మాలోని దళాల బాధ్యత తీసుకుని, దాదాపు 1,450 కిలోమీటర్లు వెనక్కి నడిపించి భారతదేశం చేర్చాడు. అదే దారుల్లో రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకునే తెలుగు కుటుంబాలు కూడా పిల్లాపాపలతో కొండలు దాటి వచ్చాయి. దారిలో ఎందరో ప్రాణాలు విడిచారు.

1943లో ఏర్పడిన పద్నాలుగో సైన్యానికి స్లిమ్ అధిపతి అయ్యేనాటికి అది ఓటమి సైన్యం. గాయపడి ఆసుపత్రికి వెళ్ళేవాడు ఒక్కడుంటే జబ్బుతో వెళ్ళేవాళ్ళు 120 మంది. ముఖ్యంగా మలేరియా. మందుబిళ్ళ ఉంది, సైనికులే మింగడం లేదు. స్లిమ్ హఠాత్తుగా తనిఖీలు చేయించాడు. ఏదైనా పటాలంలో మందు మింగినవాళ్ళు 95 శాతానికి తగ్గితే ఆ పటాలం అధికారిని తొలగించేశాడు. ముగ్గురిని తొలగించేసరికి మిగిలినవాళ్ళకు అర్థమైంది. ఏ దళానికైనా సరఫరా అందక సగం తిండితో ఉండవలసివస్తే, తన ప్రధాన కార్యాలయానికీ ఆ రోజులన్నీ సగం తిండే పెట్టించాడు. దానివల్ల సరఫరా చూసే అధికారుల్లో చురుకు పుట్టింది. జీపు మీద నిలబడి దళాలతో మాట్లాడేటప్పుడు భారతీయ సైనికులతో ఉర్దూలో, గూర్ఖాలతో వాళ్ళ భాషలో మాట్లాడేవాడు. ఆ సైన్యంలో అత్యధికులు భారతీయులే.

1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్ దాడి విరిగిపోయింది. కోహిమాకు అంత పెద్ద బలగం వస్తుందని తాను ఊహించలేదని, అది తన తప్పేనని స్లిమ్ తన 1956 నాటి పుస్తకంలో దాపరికం లేకుండా రాశాడు. 1945 మార్చిలో మేక్తిలా, మాండలే, మేలో రంగూన్ చేతికొచ్చాయి. పాటలు కట్టించుకునేంత ఆకర్షణ స్లిమ్‌లో లేదు. మందుబిళ్ళ, బియ్యం, దారులు, నిజాయితీ గల మాట, ఇవే ఆయన ఆయుధాలు. యుద్ధ నాయకత్వంలో నూటికి తొంభై పాళ్ళు ఇలాంటి పనే. సినిమాల్లో చూపేది మిగిలిన పది పాళ్ళు.

లింకన్ వేచిన తీరు

అమెరికా అంతర్యుద్ధం (1861–1865) నాటి అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సైనికుడు కాడు. ఆయన మంత్రివర్గంలో సీవర్డ్, ఛేజ్, బేట్స్ ముగ్గురూ అధ్యక్ష పదవికి పార్టీలో ఆయనతో పోటీపడ్డవారే. తనకంటే తామే గొప్ప అనుకునేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పనిచేయించుకున్నాడు.

1862 వేసవిలో బానిస విముక్తి ప్రకటన సిద్ధం చేసి మంత్రులకు చదివి వినిపించాడు. యుద్ధంలో ఓటములు వస్తున్న వేళ ఇది ప్రకటిస్తే గతిలేక చేసినట్టు కనిపిస్తుంది, ఒక గెలుపు వచ్చేదాకా ఆగమని సీవర్డ్ సలహా ఇచ్చాడు. లింకన్ ఆగాడు. సెప్టెంబరు 17న యాంటీటమ్ దగ్గర దక్షిణాది సైన్యం వెనుదిరిగింది. 22న ప్రాథమిక ప్రకటన వెలువడింది. 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. లక్ష్యం ఆయనది, ముహూర్తం మంత్రిది.

సేనానుల విషయంలో ఆయన మూడేళ్ళు తంటాలు పడ్డాడు. సైన్యాన్ని అద్భుతంగా తయారుచేసి, కదలడానికి మాత్రం జంకే మెక్లెల్లన్‌ను 1862 నవంబరులో తప్పించాడు. విక్స్‌బర్గ్ దగ్గర గ్రాంట్ వ్యూహం సరికాదని మనసులో అనుకున్నాడు. అది ఫలించాక 1863 జూలై 13న ఉత్తరం రాసి, మీరే సరి, నాదే పొరపాటు అని ఒప్పుకున్నాడు. అదే వారం గెటీస్‌బర్గ్ గెలిచాక శత్రువును పారిపోనిచ్చాడని మీడ్ మీద మండిపడుతూ ఒక ఉత్తరం రాశాడు, దాన్ని మాత్రం పంపకుండా దాచేశాడు. ఈ రెండు ఉత్తరాల్లో లింకన్ మొత్తం కనిపిస్తాడు.

1864 ఆగస్టు 23న తాను ఎన్నికల్లో ఓడిపోతానని నమ్మి, కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టేలోగా దేశాన్ని కాపాడటానికి అతనితో సహకరిస్తానని ఒక కాగితం రాసి మడిచి, లోపల ఏముందో చూపకుండానే మంత్రులందరి చేతా సంతకాలు పెట్టించాడు. యుద్ధం మధ్యలో ఎన్నిక వాయిదా వేయాలన్న ఆలోచన మాత్రం చేయలేదు. సెప్టెంబరులో దక్షిణాది నగరం అట్లాంటా పడింది, నవంబరులో ఆయన గెలిచాడు.

ఎక్కడ ఆగాలి

1866 జూలై 3న కోనిగ్రాట్జ్ దగ్గర ప్రష్యా ఆస్ట్రియాను చిత్తుచేసింది. రాజు, సేనానులు వియన్నా దాకా పోదామన్నారు. ప్రధానమంత్రి బిస్మార్క్ ఒక్కడే అడ్డుపడి, ఆస్ట్రియా నుంచి ప్రష్యాకు ఒక్క గజం నేల కూడా తీసుకోకుండా సంధి చేయించాడు. నాలుగేళ్ళకు ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు ఆస్ట్రియా తటస్థంగా ఉండిపోయింది. నెపోలియన్‌కు ఈ విద్య అబ్బలేదు. యుద్ధభూమిలో ఆయనకు సాటి అరుదు. కాని ప్రతి గెలుపూ మరో యుద్ధానికి దారి తీసింది. 1812లో దాదాపు ఆరు లక్షల మందితో రష్యా మీదికి వెళ్ళి సైన్యాన్నే పోగొట్టుకున్నాడు.

కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో తానే చెప్పుకుని పశ్చాత్తాపపడ్డాడు. కళింగలోని ధౌలి, జౌగడల్లో మాత్రం ఆ శాసనం చెక్కించలేదు. దాని స్థానంలో, ప్రజలందరినీ బిడ్డల్లా చూసుకోవాలని అధికారులకు ఇచ్చిన ఆజ్ఞలు ఉంచాడు. దెబ్బతిన్నవాళ్ళ కళ్ళెదుట అంకెలు పెట్టకుండా, వాళ్ళకు కావలసిన హామీ పెట్టడం రాజనీతి తెలిసినవాడి పని.

1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్ళాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, వర్షాలకు నదులు పొంగుతాయనీ, ఉత్తరాన కనుమలు తెరిచి ఉంటాయనీ, దళాలు సిద్ధంగా లేవనీ చెప్పి సైన్యాధిపతి మానెక్‌షా గడువు అడిగారు. ఆ సమావేశం గురించి ఆయన తరువాత చెప్పిన కథలో కొంత నాటకీయత ఉందని కొందరు చరిత్రకారులు అంటారు. ఏమైనా ఇందిరాగాంధీ ఆ నెలలను వృథా చేయలేదు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, ఆమె పాశ్చాత్య దేశాలు తిరిగి, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల గోడు వినిపించారు. యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో ముగిసింది. దాదాపు 93,000 మంది బందీలయ్యారు. మర్నాడే పశ్చిమ సరిహద్దులో కూడా కాల్పులు ఆపేశారు. అభ్యంతరం చెప్పిన సేనాని మాట విన్న ఆ నాయకురాలే 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించి, పత్రికల మీద సెన్సారు పెట్టి, నిజం తన చెవిన పడే దారులు మూసేశారు. 1977 ఎన్నికల్లో ఓడిపోయారు.

ఆయుధం లేని పోరు

ప్రజా ఉద్యమ నాయకుడికి సేనాని కష్టాలూ ఉంటాయి, రాజకీయ నాయకుడి కష్టాలూ ఉంటాయి. జీతం, శిక్ష రెండూ లేకుండా జనాన్ని నిలబెట్టాలి. చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలాది జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు. పాటలు, శ్రీరామదండు స్వచ్ఛంద సేవకులు, రోజువారీ అవసరాల ఏర్పాట్లు, అన్నీ ఆయన చూసుకున్నారు. ఆయన్ను జైలుకు పంపాక అంత జనాన్ని అలా నిలిపి ఉంచడం కష్టమైంది.

మరుసటి ఏడాది 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడిచేసి తుపాకులు పట్టుకుపోయారు. మన్యం దారులు, కొండప్రజల మద్దతు, గంటందొర, మల్లుదొర వంటి స్థానికుల అండ ఉన్నంతకాలం ప్రభుత్వం ఆయన్ను పట్టుకోలేకపోయింది. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయన్ను చంపాక పితూరీ కొద్ది నెలల్లోనే అణగారింది.

గాంధీజీ 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత సహాయనిరాకరణాన్ని నిలిపివేశారు. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణ ఉద్యమం కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. జైల్లో ఉన్న నాయకులెందరో బాధపడ్డారు, కోపగించుకున్నారు. వారి ఆవేదన న్యాయమైనదే. అయినా తాను ఊపిరి పోసిన ఉద్యమాన్ని అది ఉరకలు వేస్తున్న వేళ ఆపగలిగిన నాయకుడి మాటకు ఆ తర్వాత విలువ పెరిగింది. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి పిలుపిచ్చినప్పుడు దేశం మళ్ళీ ఆయన వెనక నడిచింది.

అప్పగింత

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు దక్కను సుల్తానులకు చిక్కాడు, వాళ్ళు ఆయన తల నరికించారు. ఆ వార్త పాకగానే అంత పెద్ద విజయనగర సైన్యం చెదిరిపోయింది. కొన్ని రోజుల్లో రాజధానే ఖాళీ అయింది. రామరాయలు వృద్ధుడు, అనుభవజ్ఞుడు, పిరికివాడు కాడు. కాని రాజ్యం మొత్తం ఆయన ఒక్కడి చుట్టూ అల్లుకుని ఉంది, ఆయన పడ్డాక రణరంగంలో పగ్గం అందుకున్నవాడు ఎవరూ లేరు.

దీనికి ఎదురుగా జార్జి వాషింగ్టన్ ఉన్నాడు. అంత గొప్ప వ్యూహకర్తేమీ కాదు, గెలిచిన యుద్ధాలకంటే ఓడినవే ఎక్కువ. 1783 డిసెంబరు 23న అన్నాపొలిస్‌లో శాసనసభ ముందుకు వెళ్ళి సైన్యాధిపత్యం తిరిగి అప్పగించి ఇంటికి వెళ్ళిపోయాడు. 1797లో అధ్యక్ష పదవి నుంచీ అలాగే దిగిపోయాడు.

మన కాలంలో నెల్సన్ మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉండి వచ్చి, 1994లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడై, రెండోసారి పోటీ చేయకుండా 1999లో పదవి విడిచారు. 2024 ఎన్నికల్లో ఆయన పార్టీ తొలిసారి మెజారిటీ కోల్పోయింది. ఫలితాన్ని ఒప్పుకుని, ప్రతిపక్షంలో ఉన్న పార్టీలతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసింది.